కోర్టు కంటే ముందు స్టేషన్ ఉంటుంది

రామ్ జగదీష్ దర్శకత్వంలో 2025 మార్చి 14న వచ్చిన ‘కోర్ట్: స్టేట్ వర్సెస్ ఎ నోబడీ’ సినిమాను మన పిల్లలు చాలామంది చూశారు. లాలాపేట్, నాచారం, ఉప్పల్ వైపు గదులు తీసుకుని చదువుకుంటున్నవాళ్లు, కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్లు దాని గురించి ఇంకా మాట్లాడుకుంటారు. కథ మనకు కొత్తది కాదు. 2013లో విశాఖపట్నంలో పేదింటి కుర్రాడు చందు, కలిగినింటి అమ్మాయి జాబిల్లి ప్రేమించుకుంటారు. అమ్మాయి తరఫు బంధువు మంగపతి పరువు పేరుతో ఆ కుర్రాడిని పోక్సో కేసులో ఇరికిస్తాడు. సూర్యతేజ అనే జూనియర్ లాయర్ వాదించి గెలిపిస్తాడు.

సినిమాలో మెచ్చుకోవలసింది ఉంది. చట్టం అనేది లాయర్ల సొత్తు కాదని, అందరికీ తెలియాలని అది తేట తెలుగులో చెప్పింది. నా అభ్యంతరం వేరే చోట ఉంది. కథ బరువంతా కోర్టు హాలు మీద పెట్టారు. మంచి లాయర్ దొరికాడు కాబట్టి న్యాయం దొరికింది. ‘జై భీమ్’లోనూ అంతే, చంద్రు వచ్చాడు కాబట్టి నిజం బయటపడింది. అదే సినిమాలో మంచి పోలీసు అధికారి విచారణలో ఒకణ్ణి చెంపదెబ్బ కొడితే మనవాళ్లే చప్పట్లు కొట్టారు. లాకప్ హింసను ఖండించే సినిమాలో కూడా ఆ దెబ్బ మనకు తప్పనిపించలేదు. మన పిల్లల బతుకు చాలాసార్లు కోర్టు దాకా పోకముందే, స్టేషన్‌లో మొదటి రోజే ఒక దారి పడుతుంది. ఆ రోజు గురించి సినిమా మనకు నేర్పేది తక్కువ.

మొదటిది వయసు. సినిమాలో చందుకు 19 ఏళ్లు. 17 ఉంటే కథే మారిపోయేది. 18 నిండని పిల్లవాడికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది, జైలు ఉండదు, బోర్డు ఉంటుంది. మరి వయసు ఎవరు తేల్చాలి? అదే చట్టం సెక్షన్ 94 ప్రకారం ముందు చూడవలసింది బడి ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. ఏవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. మన గూడేల్లో పుట్టిన తేదీ రాసిపెట్టుకున్న ఇళ్లు తక్కువ. బడిలో చేర్చిన రోజు పంతులు అంచనా వేసి జూన్‌లో ఏదో ఒక తేదీ వేస్తాడు. పదేళ్ల తర్వాత ఆ తేదీయే ఒక పిల్లవాడు జైలుకు పోవాలా, బోర్డు ముందుకు పోవాలా అని నిర్ణయిస్తుంది. తోటి ఉపాధ్యాయులు అడ్మిషన్ రిజిస్టర్‌ను ఈ కంటితో చూడాలి.

రెండోది విచారణ. సెక్షన్ 10 ప్రకారం పట్టుకున్న పిల్లవాడిని ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో పెట్టకూడదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. తల్లిదండ్రులకు కబురు చేయాలి. 2016 మాదిరి నియమాలు ఇంకా వివరంగా చెబుతాయి: బేడీలు వేయకూడదు, యూనిఫాంలో ఉండి ప్రశ్నించకూడదు, నేరం ఒప్పుకోమని బలవంతపెట్టకూడదు, ఏ వాంగ్మూలం మీదా సంతకం అడగకూడదు. ప్రతి స్టేషన్‌లో పిల్లల కోసం ఒక అధికారి ఉండాలి. ఉప్పల్ దాటాక వచ్చే మేడిపల్లి స్టేషన్‌లో 2019లో పిల్లల కోసం ప్రత్యేకంగా ఏర్పాట్లు చేశారు. అంటే ఇది జరగని పని కాదు.

ఇక్కడ పిల్లలకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కనీస శిక్ష 7 ఏళ్లు, అంతకు మించి ఉన్న నేరమైతే, 16 నిండినవాడిని పెద్దవాడిలా విచారించవచ్చా అని బోర్డు పరిశీలిస్తుంది. పోక్సోలోని పెద్ద సెక్షన్లు అందులోకే వస్తాయి. ‘మైనర్‌ని కదా, ఏం కాదు’ అనుకోవడం ప్రమాదం.

నిందితుడు కాకపోయినా ‘మీ అన్న ఎక్కడున్నాడో చెప్పు’ అంటూ పిల్లల్ని స్టేషన్‌కు పిలుస్తారు. 15 ఏళ్లలోపు అబ్బాయిని, ఏ వయసు ఆడమనిషినైనా సాక్షిగా ప్రశ్నించాలంటే వాళ్లుండే చోటికే పోవాలి. పాత చట్టంలో ఇది సెక్షన్ 160, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 179. నందినీ సత్పతి కేసులో 1978లోనే సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది.

మూడోది ఇల్లు. జాబిల్లి విషయంలో నేను ఎక్కువగా ఆలోచించింది ఇదే. బాధిత బాలిక వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర గానీ, ఆమె కోరిన చోట గానీ తీసుకోవాలని పోక్సో చట్టం అంటుంది. రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదంటుంది. మంచి మాటే. మరి ఆ ఇల్లే ఆమెకు జైలైతే? గది తలుపు వేసిన మామ పక్కనే నిలబడితే పిల్ల ఏం చెబుతుంది? చట్టం దీనికి ఒక సందు ఉంచింది. సెక్షన్ 26లో తల్లిదండ్రులు ‘లేదా’ పిల్ల నమ్మిన మనిషి ఎదుట అని ఉంది. ఆ ‘లేదా’ మన ఆడపిల్లలకు తెలియాలి. ఆ మనిషి టీచరమ్మ కావచ్చు, హాస్టల్ వార్డెన్ కావచ్చు.

పోలీసులు చేసే హౌస్ అరెస్టు సంగతి వేరు. ధర్నా అనగానే విద్యార్థి నాయకుల గుమ్మం ముందు కానిస్టేబుల్ కూర్చోవడం హైదరాబాద్‌లో మామూలైపోయింది. గృహ నిర్బంధం కూడా కస్టడీయేనని, దాన్ని కోర్టు ఆదేశించవచ్చని 2021 మే 12న గౌతమ్ నవలఖా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి గడప దాటవద్దన్నవాళ్లను ఆర్డర్ ఏదని అడగవచ్చు. పిల్లల విషయంలో బోర్డు చేసేది బెయిల్ మీద ఇంటికి పంపడం, లేదంటే అబ్జర్వేషన్ హోమ్‌కు పంపడం. ఇంట్లోనే కాపలా పెట్టి కూర్చోబెట్టే పద్ధతి పోలీసుల చేతికి ఆ చట్టం ఇవ్వలేదు.

సూర్యతేజ లాంటి లాయర్ అందరికీ ఎదురుపడడు. కానీ 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్టీలకు, పిల్లలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి. ఫోన్ నంబరు 15100. పిల్లల కోసం 1098. వచ్చే వారం తరగతిలో ఈ సినిమా గురించి మాట్లాడేటప్పుడు క్లైమాక్స్ దగ్గర ఆగకండి. ఈ రెండు నంబర్లు నోటు పుస్తకం అట్ట లోపల రాయించండి. ‘సంతకం పెట్టను, అమ్మానాన్నకు ఫోన్ చేయండి, నాకు లాయర్ కావాలి’ అనే మూడు మాటలు పిల్లల చేత గట్టిగా పలికించండి. భయంలో నోరు పెగలాలంటే ముందే అలవాటు ఉండాలి.