నల్ల చిగుళ్లు, లేజర్ చికిత్స

చిగుళ్ల రంగును నిర్ణయించేవి నాలుగు: లోపల పారే రక్తం, పైపొర మందం, ఆ పొర గట్టిపడిన తీరు, అందులో చేరిన మెలనిన్. మొదటి మూడింటి వల్ల చిగుళ్లకు గులాబీ ఛాయ వస్తుంది. నాలుగోది ఆ ఛాయ మీద లేత గోధుమ నుంచి నీలి నలుపు దాకా ఏదో ఒక రంగు పరుస్తుంది. కొందరిలో అది పళ్ల మధ్య ముక్కోణపు మొనల దగ్గర చిన్న మచ్చలుగా ఉంటుంది. కొందరిలో ఒక కోరపన్ను నుంచి రెండో కోరపన్ను దాకా పట్టీలా సాగుతుంది. పంటి మెడను ఆనుకున్న సన్నటి అంచు కంటే, ఎముకకు గట్టిగా అతుక్కుని ఉండే భాగంలో ఈ రంగు ఎక్కువగా కనిపిస్తుంది.

మెలనిన్‌ను తయారుచేసేవి మెలనోసైట్లు అనే కణాలు. చర్మానికి, వెంట్రుకలకు రంగునిచ్చేవీ ఇవే. చిగుళ్లలో ఈ జాతి కణాలు ఉన్నాయని 1932లో లెయిడ్‌లా, కాన్ అనే ఇద్దరు పరిశోధకులు గుర్తించారు. పైపొరలో అన్నిటికన్నా అడుగు వరసలో కూర్చుని, టైరోసినేజ్ అనే ఎంజైమ్ సాయంతో రంగు తయారుచేసి, చేతుల్లాంటి కొమ్మల ద్వారా చుట్టుపక్కల కణాలకు పంచిపెట్టడం వీటి పని. తెల్లవాళ్లలోనూ నల్లవాళ్లలోనూ వీటి సంఖ్య దాదాపు ఒక్కటే. తేడా అంతా అవి ఎంత చురుగ్గా పనిచేస్తాయన్న దాంట్లోనే ఉంది. అందువల్ల దక్షిణ భారతంలో, ఆఫ్రికాలో, మధ్యధరా తీరంలో గోధుమ రంగు చిగుళ్లు సర్వసాధారణం.

ఇది జబ్బు కాదు. ఈ సంగతి రోగికి మొట్టమొదట చెప్పాలి, గట్టిగా చెప్పాలి. నల్ల చిగుళ్లు బలహీనమైనవని గానీ, పుచ్చినవని గానీ, సరిగ్గా తోముకోకపోవడం వల్ల అలా అయ్యాయని గానీ అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. చిగుళ్ల వ్యాధిని పట్టిచ్చేవి వాపు, రక్తం కారడం, చీము, పళ్లు కదలడం. గోధుమ రంగు చిగుళ్లలో ఇవేవీ లేకపోవచ్చు, గులాబీ చిగుళ్లలో అన్నీ ఉండవచ్చు. నల్లజాతి అమెరికన్ దంత వైద్యుడు క్లిఫ్టన్ డమ్మెట్ నోటిలోని సహజమైన రంగుపై ఏళ్ల తరబడి పనిచేశారు. 1964లో గుప్తా అనే పరిశోధకుడితో కలిసి ఆయన ఇచ్చిన కొలమానాన్ని దంత వైద్య కళాశాలల్లో నేటికీ వాడుతున్నారు. అందులో సున్నా అంటే పూర్తి గులాబీ, 1 అంటే లేత గోధుమ, 2 అంటే మధ్యస్థం, 3 అంటే ముదురు గోధుమ లేదా నీలి నలుపు. అది రంగు ఎంత ఉందో చెప్పే కొలతే గానీ, రోగం ఎంత ముదిరిందో చెప్పేది కాదు.

అందం సంగతికొస్తే, సెనెగల్‌లోనూ ఇథియోపియాలోని కొన్ని ప్రాంతాల్లోనూ స్త్రీలు సూదులతో పొడిపించుకుని మరీ చిగుళ్లకు నల్లరంగు పచ్చబొట్టు వేయించుకునే ఆచారం ఉంది. నల్లటి చిగుళ్ల మీద పళ్లు మరింత తెల్లగా మెరుస్తాయని వాళ్ల నమ్మకం. ఒకచోట నొప్పి ఓర్చుకుని తెచ్చుకునే రంగును మరోచోట డబ్బిచ్చి తీయించుకుంటున్నారు. ఈ చికిత్స వైద్యపరంగా అవసరమైనది కాదు, మనిషి ఇష్టాన్ని బట్టి జరిగేది. అలాగని ఆ ఇష్టాన్ని తేలిగ్గా తీసిపారేయడమూ తగదు. నవ్వినప్పుడు పైపెదవి బాగా పైకి లేచి చిగుళ్లు ఎక్కువగా కనిపించేవాళ్లలో, ముఖ్యంగా పెళ్లీడు పిల్లల్లో, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం పళ్ల డాక్టర్లు తరచుగా చూసే విషయమే. ఆ చెయ్యి తీయించడానికి చేసే పనికి విలువ ఉంది. కాకపోతే అది ఆ అమ్మాయి కోరిక కావాలి గానీ, పెళ్లిచూపులకు వచ్చేవాళ్ల కోరికో, క్లినిక్ గోడమీది బొమ్మ పుట్టించిన కోరికో కాకూడదు.

లేజర్ పట్టే ముందు ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవాలి. పుట్టుకతో వచ్చిన రంగు సాధారణంగా రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది, చిన్నప్పటి నుంచీ ఉంటుంది. పొగతాగేవాళ్లలో ముందు పళ్ల చిగుళ్లు నల్లబడతాయి. 1977లో హెడిన్ అనే పరిశోధకుడు దీనికి పొగతాగేవారి మెలనోసిస్ అని పేరు పెట్టాడు. అలవాటు మానేస్తే నెలలు, ఏళ్ల మీద ఆ రంగు దానంతట అదే తగ్గుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. అక్కడ అసలు ప్రమాదం చిగుళ్లకు కాదు, అంగిలికి. అంగిలి మీద రంగు మారడంతో పాటు తెల్లటి, ఎర్రటి మచ్చలు వస్తాయి, క్యాన్సర్ కూడా వస్తుంది. అటువంటి నోటిలో ముందు చూడాల్సింది అంగిలినే.

మినోసైక్లిన్, క్లోరోక్విన్, జిడోవుడిన్ వంటి మందులు నోటిలో రంగు తెస్తాయి. పళ్లలో నింపిన పాత వెండి సిమెంటు పొడి చిగుళ్లలో చిక్కుకుంటే నీలి మచ్చ మిగులుతుంది. శరీరంలో సీసం చేరితే చిగుళ్ల అంచు వెంబడి నీలి గీత పడుతుంది. 1840లో హెన్రీ బర్టన్ అనే వైద్యుడు వర్ణించిన గీత ఇదే. అడ్రినల్ గ్రంథులు దెబ్బతినే అడిసన్ జబ్బులో నీరసం, బరువు తగ్గడం, రక్తపోటు పడిపోవడంతో పాటు నోరంతా నల్లమచ్చలు వస్తాయి. ఈ మధ్యనే కొత్తగా పుట్టి, ఒకే పక్కన ఉండి, అంచులు అడ్డదిడ్డంగా పెరుగుతున్న మచ్చ అన్నిటికన్నా ప్రమాదకరం. నోటిలో మెలనోమా అనే క్యాన్సర్ అరుదే గానీ, వచ్చినప్పుడు ఎక్కువగా అంగిలి మీద, పైదవడ చిగుళ్ల మీదే వస్తుంది. అలాంటి మచ్చను లేజర్‌తో కాల్చేస్తే పరీక్షకు పంపాల్సిన కండే మిగలదు. ముక్క తీసి పాథాలజీకి పంపకుండా దానిమీద లేజర్ పెట్టడం ఘోరమైన తప్పు.

రంగు తీయడం లేజర్‌తో పుట్టిన పని కాదు. 1951లోనే ఫినాల్, ఆల్కహాల్ కలిపి చిగుళ్లను కాల్చే పద్ధతి వచ్చింది. అది ఎంత లోతుకు పోతుందో చెప్పలేక వదిలేశారు. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, కరెంటుతో కాల్చడం, వజ్రపు పొడి అద్దిన బర్‌తో అరగదీయడం, అంగిలి నుంచి పొర తెచ్చి అతికించడం కూడా చేశారు. వీటన్నిటిలో నిలిచింది బ్లేడుతో పైపొరను గీకి తీసే పద్ధతి. ఖర్చు తక్కువ, ఫలితం మంచిది, చేతికి ఎంత లోతు పోయిందో తెలుస్తుంది. రక్తం బాగా కారడం, వారం పది రోజులు చిగుళ్ల మీద పిండికట్టులాంటి ప్యాక్ ఉంచుకోవలసి రావడం దానిలో ఇబ్బందులు.

1960లో థియొడోర్ మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించాడు. నాలుగేళ్లకు, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టారు. దాని కిరణం తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. కణాల్లోని నీరే దాన్ని పీల్చేసుకుంటుంది కాబట్టి పైపైనే ఆవిరి చేస్తుంది. 2,940 నానోమీటర్ల ఎర్బియం యాగ్ లేజర్ ఇంకా పైపైన పనిచేస్తుంది, వేడి తక్కువ, కానీ రక్తం కొంత కారుతుంది. 1,064 నానోమీటర్ల నియోడిమియం యాగ్ లోతుకు చొచ్చుకుపోతుంది, కాబట్టి జాగ్రత్త ఎక్కువ కావాలి. మన ఊళ్లలో క్లినిక్కుల బల్లమీద చిన్న పెట్టెలా కనిపించేది డయోడ్ లేజర్. 810 నుంచి 980 నానోమీటర్ల మధ్య ఉండే దీని వెలుగును మెలనిన్, రక్తంలోని హిమోగ్లోబిన్ బాగా పీల్చుకుంటాయి. మిగతావాటి కన్నా చవక, తేలిక. ఇంతగా వ్యాపించడానికి కారణం అదే.

చికిత్స నాటికి పళ్లు శుభ్రం చేయించుకుని, చిగుళ్ల వాపు తగ్గి ఉండాలి. అదుపులో లేని షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు వాయిదా వేసుకోవడం మేలు. మొదట చిగుళ్ల మీద మత్తు జెల్ రాసి, ఆ తర్వాత లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇస్తారు. రోగికి, డాక్టరుకి, పక్కన నిలబడ్డ సహాయకురాలికి ఆ తరంగదైర్ఘ్యానికి సరిపోయే కళ్లద్దాలు తప్పనిసరి. పనిచేసే కిరణం కంటికి కనిపించదు. కనిపించే ఎర్రటి చుక్క గురి చూసుకోవడానికి మాత్రమే. మెరిసే లోహం మీద పడితే కిరణం వెనక్కి తిరుగుతుంది కనుక పెదవులను ప్లాస్టిక్ సాధనంతో పక్కకు లాగి ఉంచడం మంచిది.

వెంట్రుక కన్నా కొన్ని రెట్లు లావుగా, 300 నుంచి 400 మైక్రాన్లుండే గాజు తంతువు కొనను ముందుగా పళ్ల కొరుకు చూసే నీలి కాగితానికి తాకించి నల్లబరుస్తారు. అలా నల్లబడిన కొన వెలుగును తానే పీల్చుకుని వేడెక్కుతుంది. అంటే డయోడ్‌లో కిరణంతో పాటు వేడెక్కిన ఆ కొన కూడా పనిచేస్తుంది. సాధారణంగా 1 నుంచి 2 వాట్ల శక్తి చాలు. గోడకు సున్నం కొట్టే కుంచెలా కొనను చిన్న చిన్న విసుర్లతో కదుపుతూ పోవాలి, ఒక్కచోట ఆపకూడదు. పైపొర తెల్లబడి, పొక్కులా లేచి, ఊడి వస్తుంది. సెలైన్‌లో తడిపిన గుడ్డతో తుడిస్తే కింద గులాబీ రంగు బయటపడుతుంది. లేచే పొగను పక్కనే పట్టుకున్న సక్షన్ గొట్టం లాగేయాలి.

పనితనం తెలిసేది ఇక్కడే. చిగుళ్ల పైపొర మందం మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. రంగు దాని అట్టడుగు వరసలో ఉంది. ఆ అడుగు కూడా చదునుగా ఉండదు, వేళ్లలా కిందికి దిగి ఉంటుంది. కాబట్టి పొర మొత్తం తీయాలి, దాని కింది కండను దాదాపు ముట్టుకోకూడదు. పైగా లేజర్ తగిలి కాలిన మసి, అసలు మెలనిన్ చూడటానికి ఒకేలా ఉంటాయి. అనుభవం లేని చెయ్యి ఆ మసిని రంగనుకుని మళ్లీ మళ్లీ కాలుస్తుంది, అలా లోతుకు పోతుంది. తడిగుడ్డతో తుడిచి, తుడిచాక ఏం మిగిలిందో చూసుకుని, అప్పుడే కొనను మళ్లీ తాకించే డాక్టరు మంచి డాక్టరు. పంటి మెడ దగ్గర, చిగురు పలచగా ఉన్నచోట మరీ నెమ్మదిగా పోవాలి. అక్కడ ఎక్కువ కాలిస్తే చిగురు వెనక్కి జారి పంటి వేరు బయటపడుతుంది. ఎముక 47 డిగ్రీల వేడిని ఒక్క నిమిషం భరించినా దెబ్బతింటుందని 1983లో ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్‌సన్ కుందేళ్ల మీద చేసిన పరిశోధనలో తేలింది. తక్కువ శక్తి, మధ్యమధ్య విరామం, తడి: ఈ మూడింటినీ పట్టించుకోకుండా పావుగంటలో ముగించే పనిని నమ్మకపోవడమే మంచిది. పళ్ల మధ్య మొనల్లో చిన్న మచ్చ మిగిలితే మిగలనివ్వాలి. ఆ మొన ఒకసారి కుంగితే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం, ఆ ఖాళీ మచ్చకన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

కిరణం వేడికి చిన్న రక్తనాళాలు అక్కడికక్కడే మూసుకుపోతాయి కనుక రక్తం దాదాపు కారదు. కుట్లు అక్కర్లేదు, ప్యాక్ కూడా మామూలుగా అక్కర్లేదు. మర్నాటికి చిగుళ్ల మీద తెల్లటి పొర కడుతుంది. దాన్ని చూసి చీము అనుకుని కంగారుపడి గోకేవాళ్లున్నారు. అది చీము కాదు, గాయాన్ని కప్పే ఫైబ్రిన్, దాన్ని అలాగే వదిలేయాలి. మొదటి వారం ఆవకాయ, వేడివేడి చారు, చేగోడీలు, జంతికలు పక్కనపెట్టి, చల్లారిన పెరుగన్నం, ఇడ్లీ, మెత్తటి పప్పన్నం తినడం హాయి. బ్రష్ ఆ భాగానికి తగలకుండా చూసుకుంటూ, డాక్టరు చెప్పినన్ని రోజులు క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలిస్తారు. నొప్పికి మామూలు మాత్రలు చాలు. వారం, రెండు వారాల్లో కొత్త పొర కప్పేస్తుంది. అది గట్టిపడి అసలు రంగు తేలడానికి సుమారు నెల పడుతుంది. పెళ్లి ముహూర్తానికి వారం ముందు చేయించుకోవడానికి వచ్చేవాళ్లను డాక్టర్లు వెనక్కి పంపాలి.

ఈ రంగు మళ్లీ వస్తుందా అంటే, రావచ్చు. ప్రకటనల్లో ఎక్కడా కనిపించని సంగతి ఇది. చికిత్స చేసిన చోటికి పక్కనున్న నల్లటి భాగం నుంచి మెలనోసైట్లు పాక్కుంటూ వస్తాయని ఒక వివరణ. పొర వేళ్లలో మిగిలిపోయిన కణాలు మళ్లీ పని మొదలుపెడతాయన్నది ఇంకొకటి. 1986లో పెర్ల్‌మటర్, తాల్ ప్రచురించిన వ్యాసంలో ఒక రోగికి ఏడేళ్ల తర్వాత రంగు తిరిగి వచ్చింది. కొందరిలో కొన్ని నెలలకే మచ్చలు కనిపించడం మొదలవుతుంది, కొందరిలో ఏళ్ల దాకా రాదు. పొగతాగేవాళ్లలో త్వరగా వస్తుంది. లేజర్‌తో తీస్తే శాశ్వతమనీ, బ్లేడుతో తీస్తే కాదనీ చెప్పడానికి తగిన ఆధారం లేదు. లేజర్‌తో కచ్చితంగా దక్కేది రక్తం తక్కువ కారడం, చికిత్స జరిగేటప్పుడు సుఖం. అంతకు మించి మాట ఇచ్చే డాక్టరును నిదానంగా ప్రశ్నించాలి. రంగు తిరిగి వచ్చినా సాధారణంగా మొదటంత ముదురుగా, మొదటంత మేర రాదు. అప్పుడు మొత్తం చిగుళ్లను మళ్లీ తీయనక్కర్లేదు. మత్తు జెల్ రాసి, తిరిగొచ్చిన మచ్చలను మాత్రం తక్కువ శక్తితో సరిచేస్తే సరిపోతుంది. ముందు తీసిన ఫొటో, అదే వెలుతురులో, అదే కోణంలో తీసినది, డాక్టరు దగ్గర ఉంటే ఎంత తిరిగి వచ్చిందో, అసలు సరిచేయాల్సిన అవసరం ఉందో లేదో ఇద్దరూ కలిసి చూసుకోవచ్చు.