అటకమీది కత్తి

వైశాఖము కడచి జ్యేష్ఠము ప్రవేశించునప్పటికి మా బందరులో ఇంటింట ఆవకాయ జాడీలకు వాసెనలు కట్టుట పూర్తియగును. ఆ జాడీలను నింపుటకై నాలుగు దినములు ఎడతెగక శ్రమించిన కత్తి మాత్రము, కడిగియు కడుగనట్లు, గోనెపట్టాలో చుట్టబడి అటక యెక్కును. మరల వేసవి వచ్చుదాక దానిని తలచుకొనువారుండరు. నడుమ వానలు కురియును, సముద్రము మీది ఉప్పుగాలి యిల్లంతయు తిరుగును, కార్తికమున తుపానులు వచ్చును. ఆ పదునొకండు నెలలును ఆ చీకటిలో ఆ యినుము ఏమగుచుండునో, దానిని కాపాడుట యెట్లో ఈ వారము వ్రాయవలెనని సంకల్పము.

మా యింటి ఆవకాయ కత్తి తుమ్మచెక్క పీటకు శీలతో బిగించినది. ఊరి కమ్మరి లారీ కమాను పట్టీని కొలిమిలో కాచి సాగగొట్టి చేసినది. టెంక ముదిరిన మామిడికాయను ఒక్క వ్రేటున రెండు చేయవలసినది గనుక దానికి బరువును, గట్టిదనమును కావలెను. స్టెయిన్‌లెస్ స్టీలు చాకుల వలె తళతళలాడవలసిన పని లేదు. మొదటి బుట్టెడు కాయలు కొట్టుసరికే పచ్చికాయ పులుపునకు దాని మొగము నల్లబడును. ఆ నలుపు తుప్పు కాదని, దానిని ఇటుకపొడితో తోమి పోగొట్టరాదని నాకు మా అమ్మమ్మ చెప్పినది.

ఆవకాయ పెట్టునాడు ఆమె నియమములు కఠినములు. కోసిన ప్రతి ముక్కను, జీడి తీసి, లోపలి పొర గీకి, ఉతికి ఆరవేసిన పాతపంచె గుడ్డతో తుడిచినగాని పళ్లెములో వేయనిచ్చెడిది కాదు. సాయంకాలము పని ముగిసి, అందరమును కారపు చేతులతో అలసి కూలబడిన వేళ, ఆమె మాత్రము ఆ గుడ్డలోని శుభ్రమైన కొసను వెదకి పట్టుకొని కత్తి యొద్దకు పోయెడిది. "ముక్కకి తడి తగిలితే బూజు, కత్తికి తడి తగిలితే తుప్పురా. రెండూ ఒకటే" అనెడిది. వేడినీట కడిగి, తుడిచి, మరునాడు పెరటి గట్టుమీద ఎండలో పెట్టి, ముట్టుకొన్న చేయి చురుక్కుమనునంత వేడెక్కిన తరువాత, వంటాముదములో ముంచిన గుడ్డతో వీపు నుండి వాదరవైపునకు, ఎన్నడును వాదర వెంబడి కాక, మెల్లగా రాచెడిది. గుడ్డ చేరని శీల సందున ప్రత్తివత్తితో రెండు చుక్కలు విడిచి, కత్తిని రెండు మూడు మార్లు ఎత్తి దించి, ఆ చుక్కలు లోపలికి దిగినవని శీల చప్పుడు మారుటను బట్టి తెలిసికొనెడిది. నేనిప్పటికిని ఆ చప్పుడునే వినుటకు ప్రయత్నింతును.

ఆమె చేసిన దానిలో అనావశ్యకమైనది ఒక్కటియు లేదని తరువాత తెలిసినది. ప్రాణవాయువును, నీరును రెండును ఒక్కచో తగిలినగాని ఇనుము తుప్పు పట్టదు. నీరనగా కంటికి కనబడు చుక్కయే కానక్కరలేదు. గాలిలో తేమ నూటికి 60 పాళ్లు దాటినచో లోహము మీద పట్టు కంటికానని పొరయే చాలును, మా తీరమున వానకాలమంతయు తేమ అంతకు మించియే యుండును. ఉప్పు తోడైనచో అది ఆ తేమను లాగి నిలుపుకొని పనిని మరింత త్వరపెట్టును. అల్యూమినియము మీద ఏర్పడు పొర పలుచనై, బిగువై, లోపలి లోహమునకు కవచమగును. తుప్పు అట్లు కాదు, తాను తినివేసిన యినుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించి, ఉబ్బి, పొరలు పొరలుగా రాలి, క్రొత్త యినుమును గాలికి అప్పగించును. కావుననే గాలికిని నీటికిని అడ్డముగా నూనెపొర. ఎండ కాచుట ఆ పొరక్రింద తడి చిక్కుపడకుండుటకై.

అమ్మమ్మ పోయిన యేడు ఆవకాయ మేమే పెట్టితిమి. ఆ సాయంకాలము అలసట చేత నేను కత్తిని నీళ్లతో తొలచి, "రేపు చూతము" అనుకొని గోనెలో చుట్టి అటకమీద పెట్టితిని. ఆ రేపు రాలేదు. గోనె తేమను పీల్చి పట్టియుంచునదని అప్పటికి నేనెరుగను. మరుసటి వైశాఖమున విప్పి చూచునప్పటికి గోనెనార కత్తికి అంటుకొని, ఎఱ్ఱని పొరలు ఊడి, వాదర పొడవునను మశూచి మచ్చల వంటి గుంటలు పడియుండెను. కమ్మరి దానిని వెలుతురున త్రిప్పి చూచి, "పనిచేసే కత్తి ఇట్టా అవదండీ, పక్కన పెట్టిన కత్తే అవుద్ది" అనెను. సానపట్టగా గుంటలు పోయినవి. వాటితోపాటు అంగుళములో నాలుగవ వంతు ఉక్కును పోయినది. అది తిరిగి రాలేదు. ఆ మాట నాకు గట్టిగా నాటినది: కత్తికి హాని పనిలో లేదు, పని ముగించిన చేతి తొందరలో ఉన్నది.

ఏ నూనె యనునది చిన్న విషయము కాదు. నువ్వులనూనె కొన్నాళ్లకు జిగురై దుమ్ము పట్టును. కొబ్బరినూనె జిగురుకాదు గాని పలుచనిది, నిలుపు తక్కువ. ఆముదము చిక్కనిది, ఎండి గట్టిపడదు, నిలువుగా పెట్టినను లోహమును విడువదు. నెలల తరబడి దాచుటకు మాత్రము నేను తేనెమైనమును ఆశ్రయించితిని. మైనము ఒక పాలు, ఆముదము మూడు పాళ్లు (ఇది నా చేతి కొలత), నీళ్లగిన్నెలో పెట్టిన చిన్నగిన్నెలో కరగించుకొందును. మైనము 62, 64 డిగ్రీల నడుమ కరగును గనుక సూటిగా మంట తగులనక్కరలేదు. వెచ్చని కత్తికి పలుచగా పట్టించి, చల్లారిన పిమ్మట మెత్తని గుడ్డతో రుద్దుదును. చేతికంటదు, దుమ్ము పట్టదు, మరుసటి యేడు వేడినీళ్లకును శీకాయకును వదలిపోవును. జపానులో ఖడ్గములకు లవంగనూనె కలిపిన తైలము పట్టింతురు. బ్రిటిష్ మ్యూజియమువారు 1950 దశకమున పురావస్తువుల కొరకు ప్రత్యేకముగా ఒక మైనమును సిద్ధపరచిరి. తైలమో, మైనమో, ఎల్లవారును చేరినది ఈ రెంటియొద్దకే. యంత్రపు నూనె మాత్రము తినుబండములు కోయు కత్తికి కూడదు.

ఢిల్లీ కుతుబ్ ప్రాంగణములోని లోహస్తంభమునకు 1600 ఏండ్లుగా ఎవరు నూనె రాచిరని ఒక మిత్రుడు నన్నడిగెను. ఆ యినుములో భాస్వరము మెండు. అది తోడై ఇనుము మీద ఒక గట్టిపొర యేర్పడి స్తంభమును కాపాడినది, ఢిల్లీ పొడిగాలియు తోడ్పడినది. లారీ పట్టీలో భాస్వరము దోషమని తగ్గించి చేయుదురు. బందరు గాలి పొడిది కాదు. మన కత్తికి ఆ పొర మన చేతనే రావలెను.

ఈ యేడు మీ యింట ఆవకాయ కలిపియున్నచో, వానలు ముదురకముందే ఒక్కసారి అటకమీది కత్తిని దింపి గోనె విప్పి చూడుడు. తడి యున్నచో ఎండలో పెట్టుడు. ఒక గరిటెడు ఆముదము చాలును.