గుండుదారం ముందు స్కోపు

రైఫిల్ మీద స్కోపు బిగించే గన్‌స్మిత్ పనిలో మెచ్చుకోవాల్సింది బిగింపు కాదు, ఆ తర్వాతి అనుమానం. స్కోపులోని నిలువుగీత 3 డిగ్రీలు వాలినా కంటికి అంతగా ఆనదు. ఇంగ్లండ్‌లోని బిస్లీ లాంటి చోట 1000 గజాలకు కాల్చేటప్పుడు, తూటా కిందికి జారడాన్ని సరిచేయడానికి గురిని 10 మీటర్లు పైకి తిప్పారనుకోండి, ఆ వాలే తూటాను అర మీటరు పక్కకు నెడుతుంది. నేరం గాలి మీదకు పోతుంది! అందుకే అతను తాపీమేస్త్రిలా దూరంగా గుండుదారం వేలాడదీసి, నిలువుగీతను దానితో కలుపుతాడు. మరలు బిగిసేకొద్దీ గొట్టం వెంట్రుకవాసి తిరిగిపోతుంది. ఇటొకటి అటొకటి కొద్దికొద్దిగా బిగిస్తూ మళ్లీ మళ్లీ చూస్తాడు.

వంద మీటర్లలో కొట్టేవాడికి ఇంత చాదస్తమెందుకంటారు. నిజమే, గురి కుదిర్చిన దూరంలోనే కాల్చేవాడికి పెద్ద నష్టం లేదు. బుడగమట్టం చాలదా అంటే మాత్రం ఒప్పుకోలేం. అది గురిని పైకీ కిందికీ తిప్పే టరెట్ మూత మట్టాన్ని చెబుతుంది, లోపలి గీత సంగతి దానికేం తెలుసు? కాగితమే తేల్చాలి. 100 మీటర్ల దూరాన గుండుదారంతో మీటరు నిలువుగీత గీసి, దాని అడుగున కాల్చి, టరెట్‌ను 10 మిల్‌లు, అంటే ఆ దూరంలో మీటరు, పైకి తిప్పి, అదే అడుగుకు గురిపెట్టి మళ్లీ కాల్చాలి. రెండోసారి చిల్లు మీటరు ఎత్తున గీత మీదే పడాలి. పక్కకు జరిగితే వాలు, ఎత్తు తగ్గితే టరెట్ లెక్కలోనే తేడా.