కాంట్రాక్టరు గొంతు

నటుడు రావు గోపాలరావు గారి ముఖం కన్నా ముందు ఆయన గొంతు తెలిసింది మా కోనసీమలో చాలామందికి. ఆయన విలన్ కాంట్రాక్టరుగా వేసిన 'ముత్యాల ముగ్గు' 1975లో వచ్చింది. ఆ సినిమా డైలాగుల్ని రికార్డులుగా కూడా వేశారు. తీర్థాల్లో, పెళ్ళి పందిళ్ళలో మైకుసెట్టు వాళ్ళు పాటల మధ్య ఆ రికార్డు పెట్టేవారు. కొబ్బరిచెట్టుకి కట్టిన మైకులోంచి కాంట్రాక్టరు తన సెక్రటరీని 'సెగట్రీ' అని పిలిచే పిలుపు కాలవ అవతలి గట్టు దాకా వినబడేది. మా ఈడు పిల్లలం సినిమా చూడకుండానే ఆ డైలాగులు వప్పజెప్పేసేవాళ్ళం.

తరవాత నేనూ ముఖానికి రంగేసుకుని ఊళ్ళో నాటకాలాడాను. అప్పట్నించీ ఆ పాత్రని వినే తీరే మారిపోయింది.

పొద్దుపొడుపు సీను గుర్తుందా? ఎర్రబడ్డ ఆకాశాన్ని చూస్తే కాంట్రాక్టరుకి మర్డరు గుర్తొస్తుంది. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ గారి కలం నుంచి వచ్చిన మాట అది. కాగితం మీద చదివితే నవ్వొస్తుంది. గోపాలరావు గారి నోట వింటే ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. కాంట్రాక్టరు ఆ మాట బెదిరించడానికి అనడు, నిజంగా ముచ్చటపడి అంటాడు. మనిషికి కాస్త కళాపోషణ ఉండాలన్నా, వెంట సన్నాయి మేళాన్ని తిప్పుకున్నా అందులో నటనేమీ లేదు, అతనికది నిజమైన సరదా. మనిషిని డిక్కీలో పడుకోబెట్టేస్తానన్నప్పుడు చూడండి, వచ్చిన చుట్టానికి మంచం వాల్పిస్తున్నంత మర్యాదగా అంటాడు. గొంతు లేవదు. అంతకు ముందు తెర మీద కళ్ళెర్రజేసి అరిచిన విలన్లు ఎంతమందో ఉన్నారు, వాళ్ళెవరూ నన్నింత భయపెట్టలేదు.

మా గోదావరి యాస సినిమాల్లో ఎక్కువగా పాలేళ్ళకీ, హాస్యగాళ్ళకీ దక్కేది. దాన్ని డబ్బూ అధికారమూ ఉన్నవాడి నోట పెట్టారు దర్శకుడు బాపు, రచయిత రమణ. వాళ్ళకి ఈ నేల కొత్త కాదు, 1967లో వచ్చిన 'సాక్షి'ని మా పులిదిండిలోనే తీశారు. గోపాలరావు గారిదీ కాకినాడ దగ్గర గంగనాపల్లి. యాస పుట్టుకతోనే ఉంది. కానీ యాస ఉంటే చాలదు. 'కీర్తిశేషులు' నాటకంలో మురారిగా పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. చివరి వరసలో కూర్చున్న వాడిక్కూడా మాట అందించాలి, అలాగని అరవకూడదు. ఆ విద్య రంగస్థలం మీదే పట్టుబడుతుంది. తొలిరోజుల్లో 'జగత్ కిలాడీలు'లో ఆయన పాత్రకి వేరే గొంతు పెట్టారని చెబుతారు. అది తలచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

సంక్రాంతి రోజుల్లో స్టేజీల మీద కుర్రాళ్ళు కాంట్రాక్టరుని అనుకరిస్తూనే ఉన్నారు. గొంతు బరువు చేస్తారు, యాస సాగదీస్తారు, చప్పట్లు పడతాయి. పాజు మాత్రం దొరకదు వాళ్ళకి. గోపాలరావు గారు వాక్యం చివర ఆగరు, అసలు మాటకి ముందు ఆగుతారు. ఆ కాస్త వ్యవధిలో ఎదుటివాడు తనకేం మూడబోతోందో ఊహించేసుకుంటాడు, మనమూ ఊహించేసుకుంటాం. నన్నడిగిన పిల్లలకి నేను చెప్పేదొకటే: డైలాగు కాగితం మీద రాసుకోండి, ఆయన ఊపిరి తీసుకున్న చోటల్లా పెన్సిలుతో గీత పెట్టండి, అనుకరణ సంగతి తరవాత చూద్దాం.

నెమ్మది ఆయన స్వభావమేమో, మరోలా చెప్పలేరేమో అనుకునేవాళ్ళకి 1979 నాటి 'వేటగాడు' చూపించాలి. జంధ్యాల గారి ప్రాస డైలాగుల్ని ఊపిరి సలపనివ్వకుండా, ఒక్క అక్షరం తొణక్కుండా దంచేశారు. అంత జోరుగా మాట్లాడగలిగిన మనిషి, కాంట్రాక్టరు దగ్గర ఆ జోరునంతా బిగబట్టి కూర్చున్నాడు. 1994 ఆగస్టు 13న, 57 ఏళ్ళకే పోయారు. నాకు మాత్రం ఆయన వేషాలన్నిట్లో ఆ బిగబట్టిన వేషమే గొప్పది.