ప్లగిన్ దొరకలేదా? ఎక్కడ వెతికిందో చదవండి

ఆండ్రాయిడ్ యాప్‌ల పని నేర్చుకునేవాళ్లకి మొదటి రోజుల్లోనే ఎదురయ్యే ఎర్రర్ ఒకటుంది. సొంతంగా ఒక్క లైను కూడా రాయకముందే, ఎవరో ఇచ్చిన ప్రాజెక్టును ఆండ్రాయిడ్ స్టూడియోలో తెరవగానే, బిల్డ్ విండోలో ఎర్రగా పడుతుంది. ఫలానా ప్లగిన్, ఫలానా వెర్షన్, ఈ కింది చోట్ల ఎక్కడా దొరకలేదని దాని సారాంశం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో అయినా, ఇంజినీరింగ్ కాలేజీ ఫైనలియర్ ప్రాజెక్టులో అయినా, గచ్చిబౌలి ఆఫీసులో అయినా పక్క సీటు నుంచి వచ్చే సలహా ఒకటే: "క్యాష్ డిలీట్ చేసి రీస్టార్ట్ కొట్టు." అప్పుడప్పుడు అది పనిచేస్తుంది కూడా. ఆ అప్పుడప్పుడే ఆ సలహాను ఇన్నేళ్లుగా బతికిస్తోంది.

చిత్రమేమిటంటే, సాఫ్ట్‌వేర్‌లో ఇంత వివరంగా తన బాధ చెప్పుకునే ఎర్రర్లు తక్కువ. ఏం కావాలో, ఏ వెర్షన్ కావాలో, ఎక్కడెక్కడ వెతికిందో అన్నీ వరసగా రాసిపెడుతుంది. మనం మొదటి లైను చదివి, దాన్ని కాపీ చేసి, సెర్చ్‌లో పడేసి, మొదట కనబడిన జవాబును తెచ్చి ఫైలులో అతికిస్తాం. అసలు సంగతి మూడో లైనులోనో నాలుగో లైనులోనో ఉండిపోతుంది.

ఈ ప్లగిన్ల గొడవ ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ప్రోగ్రాం కట్టే పనిని యంత్రానికే అప్పగించాలన్న ఆలోచన పాతది. బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో 'మేక్' రాశాడు. ఏ ఫైలు మారిందో చూసుకుని, దానిమీద ఆధారపడ్డవాటిని మాత్రమే మళ్లీ కట్టడం దాని పని. జావా లోకంలోకి 2000లో 'యాంట్' వచ్చింది. దాని వెనకే వచ్చిన 'మావెన్' పెద్ద మలుపు. లైబ్రరీలను ఒక ఉమ్మడి భాండాగారంలో పెట్టి, ప్రాజెక్టులో వాటి ఊరూ పేరూ వెర్షనూ మాత్రం రాసుకుంటే చాలు, అవే దిగుమతి అవుతాయంది. 2008లో మొదలైన 'గ్రేడిల్' ఆ పేర్ల పద్ధతినే తీసుకుని, బిల్డ్ మొత్తాన్ని కోడ్‌గా రాసుకునే వీలిచ్చింది. 2013 మే నెలలో గూగుల్ ఆండ్రాయిడ్ స్టూడియోను ప్రకటించినప్పుడు దాని కింద ఇంజనుగా పెట్టింది ఈ గ్రేడిల్‌నే. అంతకుముందు ఎక్లిప్స్ రోజుల్లో జార్ ఫైళ్లను లిబ్స్ ఫోల్డర్లో వేసుకుని తిరిగేవాళ్లం. అప్పుడు ఏదీ దొరక్కపోవడమంటూ ఉండేది కాదు, ఎవరి దగ్గర ఏ వెర్షన్ ఉందో తెలియకపోవడమే ఉండేది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. గ్రేడిల్‌కి ఆండ్రాయిడ్ అంటే తెలియదు. ఏపీకే ఎలా కట్టాలో, రిసోర్సులను ఎలా కంపైల్ చేయాలో, సంతకం ఎలా పెట్టాలో దానికి నేర్పేది ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్. పనివాళ్లు దాన్ని పొడి అక్షరాల్లో ఏజీపీ అంటారు. అది దిగకపోతే బిల్డ్ ఫైలులో 'ఆండ్రాయిడ్' అన్న బ్లాకు గ్రేడిల్‌కి అర్థంలేని మాట. అందుకే ప్లగిన్ ఎర్రర్ పడ్డప్పుడు దాని కింద వచ్చే మిగతా ఎర్రర్లను పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు చదువు. ఈ ఎర్రర్‌కి రెండు ముఖాలున్నాయి. మొదటిది పొట్టిది: ఈ ఐడీ ఉన్న ప్లగిన్ కనబడలేదు, అంతే. వెతికిన చోట్ల జాబితా ఉండదు. 'అప్లై ప్లగిన్' అనే పాత పద్ధతిలో రాసిన ఫైళ్లలో ఇది వస్తుంది. ఆ పద్ధతిలో గ్రేడిల్ ఎక్కడికీ వెళ్లి వెతకదు. పై ఫైలులో 'బిల్డ్‌స్క్రిప్ట్' బ్లాకు కింద క్లాస్‌పాత్‌లో మీరు తెచ్చిపెట్టినవాటిలోనే చూస్తుంది. కాబట్టి చూడాల్సింది ఆ క్లాస్‌పాత్ లైను ఉందా లేదా అని. రెండోది పొడుగుది, 2014లో గ్రేడిల్ 2.1తో వచ్చిన 'ప్లగిన్స్' బ్లాకు పద్ధతిది. ఇందులో గ్రేడిల్ మూడు చోట్లను పేరుపెట్టి చెబుతుంది: తనలోనే ఉన్న కోర్ ప్లగిన్లు, ఇన్‌క్లూడెడ్ బిల్డ్స్, ప్లగిన్ రిపాజిటరీలు. ఈ మూడో పద్దు పక్కన బ్రాకెట్లలో ఉండే వాక్యమే మనకు ప్రాణం.

ఆ బ్రాకెట్లలో 'వెర్షన్ నంబరు ఇవ్వాలి' అని ఉందనుకోండి, గ్రేడిల్ బయటికి వెళ్లనే లేదని అర్థం. ప్లగిన్ పేరు రాసి వెర్షన్ రాయకపోతే ఏది తేవాలో దానికి తెలియదు. కొత్తవాళ్ల దగ్గర దీనికి ఎక్కువసార్లు కనబడే కారణం చాలా చిన్నది: ప్రాజెక్టు ఫోల్డర్ బదులు దాని లోపలున్న 'యాప్' ఫోల్డర్‌ను తెరిచారు. లోపలి ఫైలులో వెర్షన్ ఉండదు, అది పై ఫోల్డర్‌లోని ఫైలులో ఉంటుంది. ఒక మెట్టు పైకెళ్లి తెరిస్తే సరి. దీనికోసం ఆండ్రాయిడ్ స్టూడియోను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లున్నారు.

బ్రాకెట్లలో పొడుగాటి పేరు కనిపిస్తే కథ వేరు. 'కామ్.ఆండ్రాయిడ్.అప్లికేషన్' ప్లగిన్ అడిగితే, గ్రేడిల్ వెతికేది అదే పేరు చివర '.గ్రేడిల్.ప్లగిన్' అని తగిలించిన ఒక వస్తువును. దీన్ని ప్లగిన్ మార్కర్ అంటారు. అందులో కోడ్ ఉండదు. అసలు సరుకు ఫలానా గిడ్డంగిలో ఫలానా పేరుతో ఉంది, వెళ్లి తెచ్చుకో అని రాసిన చీటీ మాత్రమే. సరుకు ఉన్నా చీటీ లేకపోతే దొరకనట్టే. ఏజీపీ 3.x కాలం నాటి వెర్షన్లకు ఈ చీటీలు లేవు. పాత ప్రాజెక్టును కొత్త పద్ధతిలోకి మారుస్తూ, వెర్షన్ మాత్రం పాతదే ఉంచినవాళ్లు దీనికే దొరికిపోతారు.

ఆ తర్వాత వచ్చే లైన్లు వెతికిన రిపాజిటరీల పేర్లు. నా లెక్కలో ఈ ఎర్రర్‌లో సగం జబ్బులు ఇక్కడే తెలిసిపోతాయి. ఏజీపీ ఉండేది గూగుల్ వారి మావెన్ రిపాజిటరీలో. గ్రేడిల్ ప్లగిన్ పోర్టల్‌లో అది ఉండదు. సెట్టింగ్స్ ఫైలులో 'ప్లగిన్‌మేనేజ్‌మెంట్' బ్లాకు రాయకపోతే గ్రేడిల్ పోర్టల్ ఒక్కదాంట్లోనే వెతుకుతుంది. రాసి, అందులో గూగుల్ పేరు మాత్రమే పెడితే, పోర్టల్‌ను ఇక చూడదు, కాబట్టి వేరే ప్లగిన్లు మాయమవుతాయి. మామూలుగా గూగుల్, మావెన్ సెంట్రల్, గ్రేడిల్ ప్లగిన్ పోర్టల్, ఈ మూడూ ఉండాలి. ఆ బ్లాకు సెట్టింగ్స్ ఫైలులో మిగతా అన్నిటికంటే ముందు రావాలి. అదే ఫైలులో కింద 'డిపెండెన్సీ రిజల్యూషన్ మేనేజ్‌మెంట్' అని ఇంకో బ్లాకు ఉంటుంది, అందులోనూ రిపాజిటరీల జాబితా ఉంటుంది. అది యాప్ వాడే లైబ్రరీల కోసం. ప్లగిన్ కోసం రిపాజిటరీని అక్కడ చేర్చి, ఇంకా దొరకట్లేదని జుట్టు పీక్కోవడం మామూలే. ఈమధ్య స్టూడియో సొంతంగా తయారుచేసే ప్రాజెక్టుల్లో గూగుల్ రిపాజిటరీకి ఒక వడపోత కూడా పెడుతోంది: ఆండ్రాయిడ్, గూగుల్, ఆండ్రాయిడ్‌ఎక్స్ పేర్లతో మొదలయ్యేవాటిని మాత్రమే అక్కడ అడుగుతుంది. పేరు ఆ వరసలో లేకపోతే ఆ తలుపు తట్టదు.

రిపాజిటరీలు సరిగ్గా ఉంటే చూపు వెర్షన్ మీదికి పోవాలి. ఏజీపీ 4.2 తర్వాత, గ్రేడిల్ నంబర్లతో కలుపుకోవడానికి, 2021లో నేరుగా 7.0కి దూకింది. 5, 6 అన్నవి అసలు రాలేదు. ఎవరో రాశారనో, ఏఐ సహాయకుడు ధీమాగా చెప్పిందనో 6.0 పెట్టుకుంటే ఏ రిపాజిటరీ ఇస్తుంది? గూగుల్ మావెన్ సైటులో ఉన్న వెర్షన్లన్నీ జాబితాగా కనిపిస్తాయి. అక్కడ చూసి రాయడానికి నిమిషం పట్టదు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా దొరకలేదంటే వైరు వైపు చూడాలి. స్టూడియోలో గ్రేడిల్ ఆఫ్‌లైన్ మోడ్ ఆన్‌లో ఉండిపోతే, క్యాష్‌లో లేనిది ప్రతిదీ 'దొరకలేదు' జాబితాలోకే వెళ్తుంది. కంపెనీ ప్రాక్సీ వెనక ఉంటే, గ్రేడిల్‌కి ఆ ప్రాక్సీ వివరాలు 'గ్రేడిల్.ప్రాపర్టీస్'లో విడిగా చెప్పాలి. బ్రౌజర్ తెరుచుకుంటోంది కదా అనుకుంటే కుదరదు. కంపెనీ సొంత సర్టిఫికెట్ పెట్టిన చోట్ల గ్రేడిల్ నడిచే జావాకి ఆ సర్టిఫికెట్ తెలియాలి. స్టూడియోలో ఉన్న జావా ఒకటి, టెర్మినల్‌లో ఉన్న జావా ఇంకొకటి అయితే, ఒక చోట బిల్డ్ అయ్యి ఇంకో చోట ఆగుతుంది. ఇలాంటప్పుడు టెర్మినల్‌లో స్టాక్‌ట్రేస్, ఇన్ఫో ఆప్షన్లతో నడిపి, కింది నుంచి పైకి చదవాలి. అసలు కారణం అట్టడుగున ఉంటుంది.

జావా మాట వచ్చింది కాబట్టి ఒక మారువేషం గురించి చెప్పాలి. ఏజీపీ 7కి జావా 11 కావాలి, 8కి 17 కావాలి. జావా 11 మీద ఏజీపీ 8 నడిపితే 'సరిపోయే వేరియంట్ కనబడలేదు' అంటుంది. చూడ్డానికి ఇదీ దొరకకపోవడమే. కానీ ప్లగిన్ దొరికింది, చీటీ దొరికింది, తీరా చూస్తే మన జావా దానికి చిన్నదైంది. ఆ ఎర్రర్‌లో 'కంపాటిబుల్ విత్ జావా' అన్న ముక్క దగ్గర ఆగితే చాలు. రిపాజిటరీలు మార్చి లాభం లేదు.

కొన్ని ప్లగిన్లు మాత్రం నిజంగానే లేవు, వాటిని వెతకడం మానేయాలి. 'కోట్లిన్ ఆండ్రాయిడ్ ఎక్స్‌టెన్షన్స్' ఒకప్పుడు ప్రతి ప్రాజెక్టులో ఉండేది. కోట్లిన్ 1.8లో దాన్ని తీసేశారు. దాని పనిని ఇప్పుడు వ్యూ బైండింగ్‌కీ, పార్సెలైజ్ ప్లగిన్‌కీ పంచారు. ఫ్యాబ్రిక్ సేవ 2020లో మూతబడింది, అందులోని క్రాష్‌లిటిక్స్ ఫైర్‌బేస్ గూటికి చేరి కొత్త ఐడీ తెచ్చుకుంది. దీనికి వ్యతిరేక దిశలో, కోట్లిన్ 2.0 నుంచి కంపోజ్ వాడేవాళ్లు కంపోజ్ కంపైలర్ ప్లగిన్‌ను విడిగా చేర్చాలి, దాని వెర్షన్ కోట్లిన్ వెర్షనే. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ జేసెంటర్ రిపాజిటరీ మూత. ఏళ్లపాటు ప్రతి కొత్త ఆండ్రాయిడ్ ప్రాజెక్టులో ఆ పేరు దానంతట అదే ఉండేది. నడిపే జేఫ్రాగ్ సంస్థ 2021 ఫిబ్రవరిలో మూసివేత ప్రకటించింది. కొంతకాలం చదవడానికి మాత్రం తెరిచి ఉంచి, 2024 ఆగస్టులో అక్కడికి వచ్చే అభ్యర్థనలను మావెన్ సెంట్రల్‌కి మళ్లించింది. జేసెంటర్‌లో తప్ప ఎక్కడా పెట్టని లైబ్రరీలూ ప్లగిన్లూ అలా అనాథలయ్యాయి. ఇంటర్నెట్‌లో 2018 నాటి జవాబు చూసి 'జేసెంటర్' అని రాసుకోవడం ఇప్పుడు వృథా ప్రయాస.

ఫ్లటర్‌లో పనిచేసేవాళ్లకి గ్రేడిల్ అంతగా కనిపించదు, అందుకే ఎర్రర్ వచ్చినప్పుడు మరీ కంగారు. 2023 నవంబరులో వచ్చిన ఫ్లటర్ 3.16 నుంచి కొత్త ప్రాజెక్టులు 'ప్లగిన్స్' బ్లాకు పద్ధతికి మారాయి. ఇప్పటి ప్రాజెక్టుల్లో ఫ్లటర్ ప్లగిన్ లోడర్ అని ఒకటి, వెర్షన్ 1.0.0 అని కనిపిస్తుంది. దాన్ని ఏ సైటులో వెతికినా దొరకదు. అది మీ కంప్యూటర్లోని ఫ్లటర్ ఎస్‌డీకే లోపలే ఉంటుంది. ఇన్‌క్లూడెడ్ బిల్డ్స్ అన్న రెండో పద్దు ఇలాంటివాటికే. ఎస్‌డీకే ఎక్కడుందో చెప్పేది 'లోకల్.ప్రాపర్టీస్' ఫైలు, అది గిట్‌లోకి వెళ్లకూడని ఫైలు. స్నేహితుడు ప్రాజెక్టు మొత్తాన్ని జిప్ చేసి పంపితే, ఆ ఫైలులో అతని కంప్యూటర్ దారి ఉంటుంది. ఆ ఫైలు తీసేసి, ఫ్లటర్ కమాండ్‌తోనే ఒకసారి బిల్డ్ చేస్తే సరైన దారి పడుతుంది. ఎస్‌డీకే మరీ పాతదైతే దాన్ని పెంచుకోవాలి.

అతి ప్రమాదకరమైన మందు ఇంకోటుంది: ఎక్కడో చూసిన రిపాజిటరీ చిరునామాను తెచ్చి జాబితాలో చేర్చేయడం. ప్లగిన్ అంటే బిల్డ్ నడిచేటప్పుడు మీ అనుమతులతో నడిచే కోడ్. మీ ఫైళ్లు, యాప్‌కి సంతకం పెట్టే కీ, అన్నీ దాని చేతికి అందుతాయి. పెద్ద కంపెనీల లోపలి ప్యాకేజీల పేర్లనే బయటి రిపాజిటరీల్లో పెడితే వాళ్ల బిల్డ్‌లు వాటిని తెచ్చి నడిపేస్తాయని భద్రతా పరిశోధకుడు అలెక్స్ బిర్సాన్ 2021 ఫిబ్రవరిలో చేసి చూపించాడు. బిల్డ్ అవ్వడమే ముఖ్యం అనుకునే టీములకు ఈ సంగతి ఇంకా ఎక్కలేదు. తెలియని రిపాజిటరీ చేర్చక తప్పకపోతే, ఏ గ్రూపు పేర్లకు దాన్ని వాడాలో కంటెంట్ ఫిల్టర్‌తో కట్టడి చేయండి. గ్రేడిల్‌లోనే చెక్‌సమ్ సరిచూసే ఏర్పాటూ ఉంది.

ఇంత గొడవ దేనికి, పాతరోజుల్లా జార్లు ఫోల్డర్లో వేసుకుంటే పోలా అని అడిగేవాళ్లున్నారు. పోదు. విజయవాడలో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు, డాలస్‌లో ఒకరు ఒకే యాప్ మీద పనిచేస్తూ, ముగ్గురి దగ్గరా ఒకే బిల్డ్ రావాలంటే వెర్షన్లు ఫైలులో రాసి ఉండాలి, తెచ్చే చోటు అందరికీ ఒకటే అయి ఉండాలి. గ్రేడిల్ రాపర్ ఫైళ్లను గిట్‌లో పెట్టడం, వెర్షన్లన్నీ ఒకే క్యాటలాగ్ ఫైలులో రాసుకోవడం, 'ప్లస్' గుర్తుతో తేలే వెర్షన్లు వాడకపోవడం, ఇవన్నీ ఆ పనికే. నాలుగేళ్ల నాటి ప్రాజెక్టును లేపాల్సి వస్తే ముందు దాని కాలపు జావాతో, దాని కాలపు గ్రేడిల్‌తో నడిపి చూడండి. నడిచాక, స్టూడియోలో ఉన్న అప్‌గ్రేడ్ అసిస్టెంట్‌తో మెట్టు మెట్టుగా ఎక్కించండి. ఒకేసారి అన్నీ మార్చితే ఏ మార్పు ఏ ఎర్రర్‌ని తెచ్చిందో ఎవరూ చెప్పలేరు.

చివరగా ఒక విన్నపం. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు మొదటి ఎర్ర లైను ఫొటో తీసి పంపకండి. ఎర్రర్ మొత్తాన్ని, వెతికిన చోట్ల జాబితాతో సహా, అక్షరాలుగా పంపండి. పక్కనే గ్రేడిల్, ఏజీపీ, జావా వెర్షన్లు, సెట్టింగ్స్ ఫైలు పెట్టండి.