తాటిపండులో నూనె ఏదీ?

తాళజాతి వృక్షాల గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలకు ఒక అలవాటు ఉంది. తమిళ కావ్యం 'తాళవిలాసం' తాటిచెట్టుకు 801 ఉపయోగాలు చెప్పిందన్న మాటతో మొదలవుతాయి. ఆ తరువాత ఆకు, కాండం, కల్లు, బెల్లం, పండు అంటూ జాబితా సాగుతుంది. కొబ్బరి, తాటి, ఈత, ఆయిల్‌పామ్ ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి కొన్ని జాబితాల్లో నూనె కూడా అన్నిటికీ ఉమ్మడి ఆస్తిలా చేరిపోతుంది. పుదుచ్చేరి పట్టణంలో ఇటీవల ఆదరణ పెరిగిన గానుగ నూనెల ప్రచారం కూడా ఇలాంటిదే. అక్కడ కొబ్బరినూనె వంటనూనె స్థాయి దాటి సర్వరోగ నివారిణి అయింది. ఈ రెండు రకాల రాతలనూ ఒక్క ప్రశ్నతో పరీక్షించవచ్చు: ఏ పండు, ఏ పదార్థాన్ని, ఎందుకోసం నిల్వ చేసుకుంటుంది?

ముందుగా పేరు తెచ్చిన చిక్కు చూద్దాం. ఫ్రెంచి రసాయనవేత్త ఎడ్మండ్ ఫ్రెమీ 1840లో పామాయిల్ నుంచి వేరుచేసిన ఆమ్లానికి పామిటిక్ ఆమ్లం అని పేరు పెట్టాడు. ఆ నూనె పశ్చిమ ఆఫ్రికాకు చెందిన చెట్టుది. అందులో ఈ ఆమ్లం 44 శాతం దాకా ఉంటుంది. మన కొబ్బరినూనెలో ఉండేది 8, 9 శాతమే. దానిలో సగానికి దగ్గరగా ఉన్నది లారిక్ ఆమ్లం. పేరులో 'పామ్' ఉన్నంత మాత్రాన కొవ్వు ఒకటి కాదు.

ఇక మన చెట్ల సంగతి. వేసవిలో పుదుచ్చేరి వీధుల్లో తాటి ముంజలు, కొబ్బరిబొండాలు పక్కపక్కనే అమ్ముతారు. బొండంలో మనం తాగే నీరు, ముంజలో తినే మెత్తని భాగం రెండూ గింజలోని లేత అంకురచ్ఛదమే. కాయ ముదిరే కొద్దీ దారులు వేరవుతాయి. కొబ్బరి తన ఆహారాన్ని నూనెగా మారుస్తుంది. ముదురు పచ్చికొబ్బరిలో మూడో వంతు కొవ్వే. ఎండు కొబ్బరిలో 60 శాతం దాటుతుంది. తాటి గింజ మాత్రం మాన్నాన్ అనే పిండిపదార్థాన్ని కణకవచాల్లో దట్టంగా పేరుస్తుంది. అందుకే ముదిరిన టెంకలోని గింజ రాయిలా ఉంటుంది.

టెంకను మట్టిలో పాతితే మొలకెత్తే పిండం చూషకం అనే స్పంజి వంటి అవయవాన్ని పెంచుతుంది. దాని ఎంజైములు మాన్నాన్‌ను చక్కెరలుగా విడగొడతాయి. మనం ఇష్టంగా తినే తీయని బుర్రగుంజు ఆ చూషకమే. మొలకెత్తిన కొబ్బరికాయలో దొరికే కొబ్బరిపువ్వు కూడా అదే అవయవం. 801 ఉపయోగాల జాబితా ఈ రెండు తినుబండారాలను రెండు ఉపయోగాలుగా లెక్కిస్తుంది. వాటిని కలిపే సూత్రం దానిలో దొరకదు.

తాటిపండు గుజ్జులోనూ నూనె కోసం వెదకనక్కర్లేదు. పసుపు రంగు కెరోటినాయిడ్లది, తీపి చక్కెరలది, జిగట పెక్టిన్‌ది, చేదు ఫ్లాబెల్లిఫెరిన్లు అనే పదార్థాలది. తాండ్రకూ, రొట్టెకూ పనికివచ్చే గుజ్జు అది. గానుగకు పనికిరాదు.

నూనెపండుగా మనకు మిగిలింది కొబ్బరి. దాని గొప్పతనం సబ్బులో తేలిగ్గా తెలుస్తుంది. 19వ శతాబ్దంలో పుదుచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సులోని మార్సే నూనె మిల్లులకు వేరుశనగ ఓడల్లో వెళ్ళేది. ఒక గ్రాము వేరుశనగ నూనె సబ్బు కావడానికి దాదాపు 190 మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడు కావాలి. కొబ్బరినూనెకు 250కి పైగా కావాలి. లారిక్ ఆమ్లం 12 కార్బన్ల చిన్న అణువు కాబట్టి గ్రాము నూనెలో అణువులు ఎక్కువ. ఆ సబ్బు నీటిలో తేలిగ్గా కరుగుతుంది. ఉప్పునీటిలో కూడా నురుగు ఇస్తుంది.

సబ్బులోని ఈ మంచిగుణాన్ని గుండెకు కూడా అంటగట్టడం దగ్గరే అభ్యంతరం. 'మధ్యస్థ గొలుసు' కొవ్వులు త్వరగా ఖర్చవుతాయని చూపిన ప్రయోగాల్లో ప్రధానంగా వాడినవి 8, 10 కార్బన్ల ఆమ్లాలు. కొబ్బరినూనెలో అవి రెండూ కలిపి 15 శాతానికి మించవు. లారిక్ ఆమ్లం చాలా వరకు పొడవు గొలుసుల దారిలోనే రక్తంలో చేరుతుంది. 2020లో 'సర్క్యులేషన్' పత్రిక ప్రచురించిన సమీక్ష 16 ప్రయోగాల వివరాలను కలిపి చూసింది. ఉష్ణమండలేతర శాకనూనెలతో పోలిస్తే కొబ్బరినూనె చెడ్డ కొలెస్టరాల్‌ను డెసిలీటరుకు 10 మిల్లీగ్రాముల మేర పెంచిందని తేల్చింది. గానుగలో ఆడించినా ఈ ఆమ్లాల పాళ్ళు మారవు. వాసన, రుచి నిలవడం వేరే లాభం. దానికి వేరే ధర కట్టవచ్చు.

ఇదంతా పదాల తగాదా కాదు. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆయిల్‌పామ్ సాగు విస్తరణకు 11,040 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అదే నెలలో, పుదుచ్చేరిని ఆనుకొని ఉన్న తమిళనాడులో, తాటిచెట్టు కొట్టాలంటే కలెక్టరు అనుమతి కావాలని ప్రభుత్వం ప్రకటించింది. ఒక తాళవృక్షానికి పెట్టుబడి, మరొకదానికి గొడ్డలి నుంచి రక్షణ. విలువను నూనెతోనే కొలిస్తే తాటి ఎప్పుడూ ఓడుతుంది. లేని నూనెను అంటగడితే నమ్మి గింజలు పోగేసిన మనిషి నష్టపోతాడు. ఆయిల్‌పామ్‌కు పుష్కలంగా నీటి వసతి కావాలి. తాటి వానమీదే ఆధారపడి బతికి ముంజలు, బెల్లం, తేగలు ఇస్తుంది. దాని తరఫున వాదించడానికి ఈ నిజాలు చాలు.

మీరే చేసి చూడగల పరీక్ష ఒకటి ఉంది. ఎండు కొబ్బరి ముక్కను తెల్లకాగితంపై గట్టిగా రుద్దండి. మరో కాగితంపై తాటిపండు గుజ్జు పూయండి. రెండింటినీ బాగా ఆరనిచ్చి వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. మొదటి మచ్చ గుండా వెలుగు ప్రసరిస్తుంది. రెండోది పసుపు మరకగానే ఉంటుంది. ఈసారి ఎవరైనా 801 ఉపయోగాలు చెప్పడం మొదలుపెడితే ఆ రెండు కాగితాలూ వారి ముందు పెట్టండి.