మా గోడకు చెవులు, వాళ్ల ఫోనుకు సభాసంఘం

గోడలకు చెవులుంటాయనేది లోకానికి సామెత. గుంటూరు, చీరాల, ఒంగోలు తురకపేటల్లో వుండే మాకది రోజువారీ బతుకు. దేశంలో ఏ మూల బాంబు పేలినా మిర్చి తొడాలు తీసే ఆడవాళ్లూ, పత్తి మిల్లుకు పోయే పిల్లలూ అందరూ కలిసి పేటకు పేటే అనుమానం కిందికొస్తుంది. మసీదు కమిటీలో ఎవరున్నారు, గల్ఫ్ నుంచి ఎవరొచ్చారు అని మఫ్టీ మనిషి ఆరా తీసి పోతాడు. అందుకే 2022 మార్చిలో వెలగపూడి శాసనసభలో నిఘా మీద చర్చ రేగితే మేం ఆశగా విన్నాం. సభ వున్నది మా గుంటూరు నేల మీదే కదా.

చంద్రబాబు హయాంలో ఆంధ్రప్రదేశ్ పెగాసస్ కొన్నదని మమతా బెనర్జీ బెంగాల్ సభలో అన్నారు. దాని మీద ఇక్కడ భూమన కరుణాకరరెడ్డి అధ్యక్షతన సభాసంఘం వేశారు. తెలుగుదేశం కాదంది. అప్పటి నిఘా అధిపతి ఏ.బి. వెంకటేశ్వరరావూ కాదన్నారు. సెప్టెంబరులో మధ్యంతర నివేదిక వచ్చేసరికి పెగాసస్ పక్కకు పోయింది. స్టేట్ డేటా సెంటర్ నుంచి జనం సమాచారం తెలుగుదేశం సేవామిత్ర యాప్ కోసం తరలిందన్న ఆరోపణ ముందుకొచ్చింది. అది చిన్న విషయమని మేమనం. కానీ దాన్ని నిఘా శాఖ మీద విచారణగా చదవలేం. ఓడిన పార్టీ మీద గెలిచిన పార్టీ తీర్చుకున్న కక్షగానే చదివాం. నిఘా నివేదికలు రోజూ తన ముఖ్యమంత్రి బల్ల మీదికే చేరుతున్నప్పుడు, తన బలమెంతో నాయకుడి చెవిలో చెప్పేది కూడా ఆ శాఖే అయినప్పుడు, అధికార పార్టీ ఎమ్మెల్యే దాన్ని ఏమని నిలదీస్తాడు?

ఏడాది తిరక్కుండా ఆ సంగతి తేలిపోయింది. 2023 ఫిబ్రవరిలో అదే పార్టీకి చెందిన నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి తన ఫోను వింటున్నారని గొంతెత్తారు. అది ట్యాపింగ్ కాదు, అవతలి మనిషి చేసిన రికార్డింగ్ అంది ప్రభుత్వం. ఫిర్యాదు చేసినవాడు ద్రోహి అయ్యాడు.

ఈ జబ్బు మనదొక్కటే కాదు. అమెరికా సెనేట్‌కు 1976 నుంచి నిఘా కమిటీ వుంది. 2014లో సీఐఏ ఆ కమిటీ వాడే కంప్యూటర్లలోకే చొరబడింది. అధ్యక్షురాలు డయాన్ ఫెయిన్‌స్టీన్ సభలో నిలబడి మండిపడ్డారు. అంతకు ముందేడు జనం ఫోను రికార్డులన్నీ పోగేయడాన్ని సమర్థించిందీ ఆమే!

2007 మే 18న మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాదు ముస్లిం కుర్రాళ్లను పట్టుకుపోయారు. వాళ్లను హింసించారన్న ఆరోపణల మీద నివేదిక రాసింది రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది. చాలామందిని కోర్టులు నిర్దోషులన్నాయి. మరి ఆ పేర్లు మొదట ఎవరిచ్చారు? ఏ ఆధారంతో ఇచ్చారు? మేం ఎదురుచూసిన సభాసంఘం అది.

ఫోను వినాలంటే హోం కార్యదర్శి ఉత్తర్వుండాలి, దాన్ని సమీక్షా సంఘం చూడాలి అని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో చెప్పింది. రాష్ట్రంలో ఆ సంఘమంటే చీఫ్ సెక్రటరీ, ఇంకో ఇద్దరు కార్యదర్శులు. 2024లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ అంతే. జడ్జి లేడు, ప్రతిపక్షం లేదు. మిర్చి యార్డులో కాటా, తూకం, ధర మూడూ కొనేవాడి చేతిలోనే వుంటే రైతు గతేమిటో ఈ జిల్లాల ఎమ్మెల్యేలకు మేం చెప్పాలా? యార్డు గురించి సభలో అరుస్తారు, ఈ కాటా గురించి అడగరు. రేపు గెలిస్తే అది తమ చేతికొస్తుందని ఇద్దరికీ తెలుసు. గుంటూరు తూర్పు నుంచి 2014 తర్వాత మా పేర్లవాళ్లే గెలుస్తున్నారు, ఒకసారి ఆ పార్టీ నుంచి, ఒకసారి ఈ పార్టీ నుంచి. విప్ ముందు వాళ్లూ అందరిలాంటి వాళ్లే.